కనపడని దానికి పేరు పెట్టడం: మన ఉప్పుటేళ్ళలోని సముద్ర నెమటోడ్‌లను గుర్తించే పద్ధతి

కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేట్లో ఒకరోజు ఆటు సమయంలో మోకాటి లోతు బురదలో నిలబడి ప్లాస్టిక్ గొట్టం దించుతున్నాను. పడవలో పోతున్న పెద్దాయన ఒకరు తెడ్డు ఆపి అడిగారు.

"ఏందబ్బయ్యా, బురద ఎత్తుకుపోతా ఉండావు? దాంట్లో ఏముండాది?"

"పురుగులుండాయి పెద్దాయనా. కంటికి కనపడవు."

"కనపడని దానికి పేరెట్టా పెడతావు?"

ఆ రోజు ఆయనకు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో జువాలజీ, మెరైన్ బయాలజీ, ఆక్వాకల్చర్ చదివే పిల్లలకూ, వాళ్ళతో ప్రాజెక్టులు చేయించే లెక్చరర్లకూ పనికొచ్చేలా మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను.

నెమటోడ్ అంటే నులిపురుగు. ఆ మాట అనగానే మనకు బడిలో మింగిన ఆల్బెండజోల్ మాత్ర గుర్తొస్తుంది. గూడూరు వైపు రైతులకైతే నిమ్మ చెట్ల వేళ్ళు గుర్తొస్తాయి. సముద్ర నెమటోడ్‌లు వాటికి బంధువులే, అన్నీ ఒకే ఫైలం. కాకపోతే ఇక్కడ మనం చూసేవి ఎవరి ఒంట్లోనూ బతకవు. ఇసుక రేణువుల సందుల్లో, బురదలో సొంతంగా తిరుగుతూ బాక్టీరియానో, డయాటమ్‌లనో (ఒంటికణపు నాచు), ఒకదాన్నొకటో తిని బతుకుతాయి. పొడవు ఎక్కువ వాటికి అర మిల్లీమీటరు నుంచి మూడు మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఉప్పుటేటి బురదలో పది చదరపు సెంటీమీటర్ల మేర తీస్తే వెయ్యి పురుగులు రావడం మామూలు విషయం. అంటే చదరపు మీటరుకు పది లక్షలు. బురదలో బతికే ఈ సైజు జీవులన్నిటినీ మెయోఫానా అంటారు. అందులో సగానికి పైగా, చాలాచోట్ల నూటికి ఎనభై తొంభై దాకా నెమటోడ్‌లే.

బంగాళాఖాతంలో వీటి మీద పని కొత్తదేమీ కాదు. ఢాకాలో నోట్రడేమ్ కాలేజీలో పాఠాలు చెప్పిన ఫాదర్ రిచర్డ్ టిమ్ 1961లోనే బంగాళాఖాతం నెమటోడ్‌లను వర్ణించి అచ్చువేశారు. ఆ దశకంలోనే వాల్తేరు తీరంలో గణపతి, చంద్రశేఖరరావు గార్లు ఇసుక సందుల్లోని జీవుల మీద పనిచేశారు. మన పెన్నా ముఖం, కండలేరు, గుండ్లకమ్మ ముఖం, బకింగ్‌హాం కాలువ వెంబడి చేయాల్సింది ఇంకా ఎంతో ఉంది.

పనిలో దిగే ముందు ఒక్క మాట. ఈ విద్యలో తప్పులన్నీ ఒక్కచోటే పుడతాయి: పురుగు కనపడగానే జాతి పేరు కోసం పరిగెత్తడంలో. తల, చర్మం, గొంతు, జననాంగాలు, తోక, ఈ వరుసలో చూడండి. చూసిందల్లా బొమ్మ గీయండి. పేరు చివర్లో దానంతటదే వస్తుంది. రాకపోతే ప్రజాతి (జీనస్) దగ్గరే ఆగండి.

బురద ఎక్కడిది, ఎప్పుడు తీయాలి

నేర్చుకునేవాళ్ళు రెండు రకాల చోట్లు తీసుకోవాలి. ఒకటి ఇసుక తీరం: మైపాడు, కోడూరు, ఒంగోలు దగ్గర కొత్తపట్నం. రెండోది మెత్తటి బురద: కండలేరు ఉప్పుటేరు, మడ చెట్ల మొదళ్ళు, రొయ్యల గుంటల నీళ్ళు వదిలే కాలవలు. ఈ రెంటిలో దొరికే పురుగుల ముఖాలే వేరు. ఇసుకలో దంతాలు, దవడలు ఉన్న వేటగాళ్ళూ, చర్మం మీద గట్టి ఉంగరాలున్నవీ ఎక్కువ. నల్లబురదలో సన్నటి నోరు, పొడవాటి తోక ఉన్నవి ఎక్కువ. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కన్ను త్వరగా కుదురుతుంది.

మన తీరంలో ఆటుకూ పోటుకూ తేడా మీటరు చుట్టుపక్కలే. అందుకని అమావాస్యకో పున్నమికో దగ్గరగా, నీళ్ళు బాగా తీసినప్పుడు వెళ్ళండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు ఉప్పుటేళ్ళలో ఉప్పదనం పడిపోతుంది. తుఫాను వస్తే పైపొర మొత్తం కొట్టుకుపోవచ్చు. కాబట్టి ఒక్క నెల చూసి ఈ చోటు ఇంతే అనకూడదు. ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి తీస్తే కనీసం పోల్చడానికి ఉంటుంది. మడ అడవిలోకైనా, పోర్టు చుట్టుపక్కలకైనా అనుమతి తీసుకునే వెళ్ళండి. ఒంటరిగా వద్దు. ఏ బురద కాలు దిగేస్తుందో అక్కడి మత్స్యకారులకు తెలిసినట్టు మనకు తెలియదు.

బురదలో దించి తీసే గొట్టాన్ని కోరర్ అంటారు. అది పెద్ద పరికరమేమీ కాదు. లోపలి వ్యాసం 3.6 సెంటీమీటర్లున్న గట్టి ప్లాస్టిక్ గొట్టం చాలు. దాని వైశాల్యం సరిగ్గా పది చదరపు సెంటీమీటర్లకు దగ్గరగా వస్తుంది. ప్రపంచమంతా లెక్కలు అదే కొలతలో రాస్తుంది కాబట్టి పోల్చడం తేలిక. అది దొరక్కపోతే 60 మి.లీ. సిరంజి ముక్కు కోసేసి వాడొచ్చు. అయితే దాని వ్యాసం స్కేలుతో కొలిచి, వైశాల్యం లెక్కకట్టి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. బురదలో 5 సెంటీమీటర్ల లోతు సరిపోతుంది, ఎక్కువ పురుగులు ఆ పైపొరలోనే ఉంటాయి. ఇసుకలో గాలి లోతుగా పోతుంది కనుక 10 సెంటీమీటర్లు తీయండి. ఒకసారి గొట్టంలో వచ్చిన మట్టి ఒక కోరు. ఒక్కో చోట కనీసం మూడు కోర్లు తీయాలి. పక్కపక్కనే తీసిన రెండు కోర్లలో ఒకదాంట్లో రెండు వందలు, ఇంకోదాంట్లో ఎనిమిది వందలు రావడం నేను చాలాసార్లు చూశాను. ఇవి గుంపులు గుంపులుగా ఉంటాయి.

తీసేటప్పుడే రంగు, వాసన రాయండి. పైన గోధుమరంగు పొర ఎన్ని మిల్లీమీటర్లు, కింద నలుపు ఎక్కడ మొదలైంది, కుళ్ళిన గుడ్డు వాసన ఉందా లేదా. తర్వాత మైక్రోస్కోపు కింద చూసేదానికి సగం అర్థం ఈ నాలుగు ముక్కల్లోనే దొరుకుతుంది.

భద్రపరచడం

ముందు పురుగుల్ని మత్తులో పెట్టాలి. లేకపోతే ఫార్మలిన్ తగలగానే ముడుచుకుపోయి చుట్టలు చుట్టుకుంటాయి. సుమారు 7 శాతం మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం పోసి పది నిమిషాలు ఆగండి. తర్వాత ఫార్మలిన్. షాపులో దొరికే ఫార్మలిన్‌లో ఉండేది 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్. దాన్ని ఒక పాలు తీసుకుని, వడకట్టిన సముద్రపు నీళ్ళు తొమ్మిది పాళ్ళు కలిపితే మనకు కావాల్సిన 4 శాతం వస్తుంది. చిటికెడు బోరాక్స్ వేస్తే పులుపు విరుగుతుంది. ఈ లెక్క తప్పి, ఫార్మలిన్‌నే నూటికి నాలుగు పాళ్ళు కలిపి, నెల తర్వాత కుళ్ళిన నమూనాలు పట్టుకుని బాధపడిన పిల్లలున్నారు. గ్లవ్స్ తప్పనిసరి, కిటికీలు తెరిచి ఉండాలి.

డీఎన్‌ఏ కూడా చూడాలనుకుంటే ఒక కోరు ఫార్మలిన్‌లో కాకుండా 95 శాతం ఇథనాల్‌లో పెట్టండి. ఫార్మలిన్‌లో డీఎన్‌ఏ పాడైపోతుంది. ఇథనాల్‌లో పురుగు ఆకారం కొంత నలుగుతుంది. ఒకే నమూనాతో రెండు పనులూ కావు.

జల్లెడ పట్టడం, మట్టి నుంచి విడదీయడం

రెండు జల్లెడలు కావాలి. పైన 500 మైక్రాన్లది, కింద 63 మైక్రాన్లది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పెంకులు, ఆకులు, పెద్ద పురుగులు పైదాంట్లో ఆగుతాయి. నెమటోడ్‌లు కిందదాంట్లో నిలుస్తాయి. మరీ సన్నటివి జారిపోతాయనుకుంటే 45 మైక్రాన్లది వాడండి. ఏది వాడారో రాయడం మాత్రం మరవద్దు, జల్లెడ మారితే లెక్క మారుతుంది.

ఇసుకకు పని తేలిక. ఎత్తైన గాజు సిలిండర్లో ఇసుక వేసి, నీళ్ళు పోసి, తిరగేసి కలిపి, అర నిమిషం ఆగి పై నీళ్ళు జల్లెడలోకి వంచేయండి. ఇసుక అడుగున ఉండిపోతుంది, పురుగులు నీళ్ళతో వస్తాయి. ఏడెనిమిది సార్లు చేస్తే దాదాపు అన్నీ వచ్చేస్తాయి. ఇంట్లో బియ్యంలో రాళ్ళు గాలించే పద్ధతిలాంటిదే, తిరగేసి చేస్తున్నామంతే.

బురదకు ఇది చాలదు. సన్నటి మట్టీ, కుళ్ళిన ఆకు తుంపులూ పురుగులతోపాటే తేలతాయి. అక్కడ లూడాక్స్ కావాలి. అది సిలికా రేణువులు కలిసిన చిక్కటి ద్రవం. సాంద్రత 1.15 వచ్చేలా పలుచన చేయాలి. టీఎం-50 రకం అయితే మూడు పాళ్ళకు ఐదు పాళ్ళ నీళ్ళు కలిపితే దగ్గరకొస్తుంది, హైడ్రోమీటరుతో సరిచూసుకోండి. ఇసుక సాంద్రత 2.65 కాబట్టి మునుగుతుంది. పురుగు అంతకంటే చాలా తేలిక కాబట్టి తేలుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో పది నిమిషాలు తిప్పి పైనున్నది జల్లెడలోకి వంచి, మళ్ళీ లూడాక్స్ పోసి, ఇలా మూడుసార్లు చేయాలి.

ఇక్కడ నాకు జరిగిన నష్టం చెప్పాలి. మొదటి ఏడాది సముద్రపు నీళ్ళతోనే కడిగిన బురద మీద నేరుగా లూడాక్స్ పోశాను. ఉప్పు తగలగానే గొట్టంలోని ద్రవం మొత్తం గంజి పేరుకున్నట్టు గడ్డకట్టింది. వానలకు ముందు మూడు చోట్ల తీసిన నమూనాలవి. ఆ సీజను మళ్ళీ రాదు. అప్పటినుంచి మా బెంచీ మీద ఒక చీటీ అంటించి ఉంది: "ముందు మంచినీళ్ళతో మూడుసార్లు కడుగు."

లూడాక్స్ ఖరీదు. దొరక్కపోతే చిక్కటి పంచదార పాకంతోనూ తేల్చవచ్చు. పొలాల్లో నులిపురుగుల కోసం మట్టి చూసేవాళ్ళు వాడేది అదే. కాకపోతే పురుగుల్ని పాకంలో ఎక్కువసేపు ఉంచితే నీరు కోల్పోయి ముడతలు పడతాయి. వెంటనే కడిగేయాలి.

విడదీసిన దాంట్లో రోజ్ బెంగాల్ రంగు రెండు మూడు చుక్కలు వేసి ఒక రాత్రి ఉంచండి. పురుగులు గులాబీరంగు తిరుగుతాయి, మట్టి తిరగదు. లెక్కపెట్టడానికి ఇది బాగుంటుంది. గుర్తుపట్టడానికి పనికిరాదు, రంగు సన్నటి గీతల్ని కప్పేస్తుంది. స్లైడ్లకు వెళ్ళే వాటికి రంగు వేయకండి.

ఏరడం, స్లైడు చేయడం

స్టీరియో మైక్రోస్కోపు కింద పురుగుల్ని ఒక్కొక్కటిగా ఏరాలి. పుల్లకు అంటించిన కనురెప్ప వెంట్రుకను మించిన పనిముట్టు లేదు. సన్నటి వెదురు పుల్ల చెక్కినా సరే. చూడ్డానికి అందంగా ఉన్నవే, పెద్దగా ఉన్నవే ఏరకండి. డిష్ కింద గళ్ళు గీసుకుని, కొన్ని గళ్ళు చీటీ వేసి తీసి, వాటిలో ఉన్నవన్నీ ఏరండి. ఒక కోరుకు 100 నుంచి 200 పురుగులు చాలు.

నీళ్ళలో ఉన్న పురుగును గ్లిజరిన్‌లోకి నెమ్మదిగా మార్చాలి. ఐదు పాళ్ళు గ్లిజరిన్, ఐదు పాళ్ళు ఇథనాల్, తొంభై పాళ్ళు నీళ్ళు కలిపిన ద్రావణంలో పురుగుల్ని వేసి, చిన్న కప్పు మీద మూత కాస్త సందుతో పెట్టి, 40 డిగ్రీల దగ్గర వదిలేయాలి. నీళ్ళూ ఇథనాలూ ఆవిరైపోయి, నాలుగైదు రోజుల్లో పురుగు గ్లిజరిన్‌లో మిగులుతుంది. ఒళ్ళు గాజులా తేటపడుతుంది. తొందరపడి వేడి పెంచితే చొట్టలు పడతాయి. రోహిణి కార్తెలో మన గదులే 40 డిగ్రీలుంటాయి, అప్పుడు ఓవెన్ అవసరం రాదు. నవంబరు చెమ్మలో మాత్రం గ్లిజరిన్ గాలిలోంచి నీళ్ళు పీల్చుకుంటుంది. సిలికా జెల్ వేసిన డెసికేటర్లోనే ఉంచాలి.

స్లైడు మీద వేడిచేసిన లోహపు గొట్టంతో మైనపు ఉంగరం అచ్చు వేయండి. మధ్యలో గ్లిజరిన్ బొట్టు, అందులో పురుగు. పురుగు అంత మందమున్న గాజు పూసలు రెండు మూడు పక్కన పెడితే కవర్‌స్లిప్ బరువుకు పురుగు చితకదు. కవర్‌స్లిప్ పెట్టి సన్నటి వేడి చూపిస్తే మైనం కరిగి అంచులు మూసుకుంటాయి.

ఇది నెమటోడేనా?

బతికున్న నమూనా ఒక్కసారైనా చూడండి. నెమటోడ్ ఒంట్లో పొడవునా సాగే కండరాలే ఉంటాయి, చుట్టూ తిరిగే కండరాలుండవు. అందుకే వానపాములా సాగలేదు, ముడుచుకోలేదు. ఎస్ ఆకారంలో కొట్టుకుంటుంది, అంతే. ఆ వంపు వీపు నుంచి కడుపు వైపుకు. కాబట్టి చచ్చాక స్లైడు మీద పక్కకు తిరిగి పడుకుంటుంది. ఇది మనకు పెద్ద మేలు, గుర్తుపట్టడానికి ముందుగా చూడాల్సిన యాంఫిడ్ అనే ఇంద్రియం ఉండేది ఆ పక్కనే.

ఒంటి మీద గదులు, గుత్తులుగా ముళ్ళు ఉంటే పాలికీటో ఒలిగోకీటో (వానపాము బంధువులు) అవుతుంది. ఒళ్ళంతా సన్నటి నూగు ఆడుతుంటే టర్బెల్లేరియా అనే చదునుపురుగు. నెమటోడ్‌కు నూగు ఉండదు. ఒకటే గొట్టం, ఒక మొనలో నోరు, ఇంకో మొన దగ్గర తోక.

తల

ఎక్కువసేపు ఉండాల్సిన చోటు ఇదే. 100 రెట్ల ఆయిల్ లెన్సు పెట్టి, ఫోకస్‌ను వెంట్రుకవాసి చొప్పున పైకీ కిందికీ తిప్పుతూ చూడాలి. ఒక తలకు అరగంట పట్టినా తప్పులేదు.

మొదట యాంఫిడ్. తలకు రెండు పక్కలా ఒక్కొక్కటి చొప్పున ఉండే రసాయన జ్ఞానేంద్రియం ఇది, మనకు ముక్కులాంటిది. దీని ఆకారమే క్రమాన్ని (ఆర్డర్‌ను) చెప్పేస్తుంది.

చిన్న చీలిక వెనక సంచిలాంటి జేబు కనపడితే ఎనోప్లిడా వైపు చూడండి. చక్కటి గుండ్రటి వలయం కనపడితే మాన్‌హిస్టెరిడా. జంతికలా చుట్లు చుట్లుగా తిరిగి ఉంటే క్రోమడోరిడాలో సయాథోలైమిడే కుటుంబం కావచ్చు, అరియోలైమిడాలో కోమెసోమటిడే కావచ్చు. ఇక్కడే చాలామంది పొరబడతారు, ఈ రెంటినీ విడదీసేది చర్మమూ అండాశయాలూ. తలకిందులైన యూ ఆకారపు ఉచ్చులా ఉంటే ఆక్సోనోలైమిడే. చెంపలు ఉబ్బినట్టు పెద్ద బుడగలా ఉంటే, ఒంటి మీద మట్టి రేణువులు అతుక్కున్న ఉంగరాలు కూడా ఉంటే డెస్మోస్కోలెసిడా. హాలలైమస్ అనే ప్రజాతిలో యాంఫిడ్ కత్తిగాటులా సన్నగా, చాలా పొడవుగా సాగి ఉంటుంది. ఒకసారి చూస్తే మళ్ళీ మరిచిపోరు.

కొన్ని జాతుల్లో మగదాని యాంఫిడ్ ఆడదానికంటే పెద్దది. ఒకటే నమూనా చూసి కొలత రాస్తే రెండు వేర్వేరు జాతులనుకునే ప్రమాదం ఉంది.

తర్వాత తల చుట్టూ ముళ్ళు, అంటే సీటాలు. మూల అమరిక అన్నిటికీ ఒకటే: లోపలి పెదవి వరుసలో ఆరు, బయటి పెదవి వరుసలో ఆరు, వెనక నాలుగు. కొన్నిట్లో మొదటివి చిన్న బొడిపెలుగా మిగులుతాయి. ఎనోప్లిడ్‌లలో చాలావాటికి ఆరూ నాలుగూ కలిసి పదీ ఒకే వరుసలో నిలుస్తాయి. పక్క నుంచి చూస్తే సగమే కనపడతాయి కాబట్టి, ఫోకస్ కిందికి దించి అవతలి వైపువి కూడా లెక్కపెట్టండి. పొడవును మైక్రాన్లలోనే కాక తల వెడల్పులో ఎన్నో వంతు అని కూడా రాయండి.

ఆపైన నోరు. ఆస్ట్రియా శాస్త్రవేత్త వీజర్ 1953లో నోటిని బట్టి నాలుగు తిండి వర్గాలు చేశాడు, ఇవాళ్టికీ వాడుతున్నాం. నోరు దాదాపు లేనివి 1ఎ: బాక్టీరియా లాంటి సన్నటి తిండిని పీల్చేవి. నోరు వెడల్పుగా ఉండి దంతాలు లేనివి 1బి: బురదను ముద్దలుగా మింగేవి. చిన్న దంతాలున్నవి 2ఎ: డయాటమ్‌లను గీకి, చిల్లు పొడిచి తినేవి. పెద్ద దంతాలు, దవడలున్నవి 2బి: వేటాడేవి.

దంతాల్లో ఏది పెద్దదో చూడటం కూడా ముఖ్యమే. ఓంకోలైమిడే కుటుంబంలో మూడు దంతాలుంటాయి. కడుపు వైపున్న రెంటిలో ఎడమది పెద్దదైతే ఓంకోలైమస్, కుడిది పెద్దదైతే విస్కోసియా. పురుగు ఏ పక్కకు పడుకుందో తెలియకుండా కుడీ ఎడమా చెప్పలేం. ముందు వల్వా (ఆడదాని జననరంధ్రం) చూసి కడుపు వైపు ఏదో తేల్చుకోండి, తర్వాతే దంతం సంగతి.

చర్మం, గొంతు

చర్మం నున్నగా ఉందా, అడ్డగీతలున్నాయా, చుక్కలున్నాయా చూడండి. వరుసలు వరుసలుగా చుక్కలుంటే క్రోమడోరిడా అనుకోవచ్చు. గట్టి ఉంగరాలు, తల మీద టోపీలాంటి కవచం ఉంటే డెస్మోడోరిడా. నున్నగా, ఒళ్ళు పెద్దగా ఉంటే ఎనోప్లిడా. గీతలు సన్నగా ఉంటే లెన్సు కింది డయాఫ్రం కాస్త మూయండి, తేలి కనపడతాయి.

గొంతు అంటే ఫారింక్స్. అది సమానమైన గొట్టంలా పేగులో కలుస్తుందా, చివర గుండ్రటి బల్బు ఉందా, ఇదొక్కటే మొదట రాసుకోవాల్సింది.

జననాంగాలు, తోక

నమూనాలో సగానికి సగం పిల్లలే ఉంటాయి. నాలుగుసార్లు కుబుసం విడిచాకే పెద్దవవుతాయి. పిల్లను ప్రజాతి దాకా చెప్పగలరేమో కానీ జాతి చెప్పకూడదు. పెద్ద ఆడది ఒకటి, పెద్ద మగది ఒకటి దొరికేదాకా వెతకండి.

ఆడదాంట్లో అండాశయాలు ఒకటా రెండా, నిటారుగా చాచి ఉన్నాయా, కొస వెనక్కి మడిచి ఉందా చూడాలి. క్రోమడోరిడా, డెస్మోడోరిడాల్లో మడత ఉంటుంది. మాన్‌హిస్టెరిడా, అరియోలైమిడాల్లో చాచి ఉంటాయి. జంతిక చుట్ల యాంఫిడ్ దగ్గర ఆగిన చిక్కుముడి ఇక్కడ విడిపోతుంది.

మగదాంట్లో స్పిక్యూల్స్ జంట, అంటే జతకట్టేటప్పుడు వాడే గట్టి ముళ్ళు. వాటి పొడవు వంపు వెంబడి కొలవాలా, రెండు కొసల మధ్య నేరుగా కొలవాలా అని తేల్చుకుని ఎప్పుడూ ఒకే పద్ధతి పాటించండి. పక్కనే వాటికి దారి చూపే గట్టి పలక గుబర్నాక్యులం, ముందు కడుపు వైపున్న సప్లిమెంట్లనే చిన్న అవయవాల సంఖ్య కూడా రాయండి. జాతులను విడదీసేవి ఎక్కువగా ఇవే.

తోక కొసలో జిగురు వదిలే స్పిన్నరెట్, లోపల సాధారణంగా మూడు గ్రంథులు ఉంటాయి. అల కొట్టినప్పుడు పురుగు ఇసుక రేణువును పట్టుకునేది ఆ జిగురుతోనే.

ఒక పురుగును పట్టి చూద్దాం

కండలేరు నల్లబురద నుంచి తీసిన స్లైడు. పురుగు సన్నగా, తోక కొరడాలా. తల దగ్గరకు వెళ్తే యాంఫిడ్ గుండ్రటి వలయం, దాదాపు తల అంచును ఆనుకుని ఉంది. మాన్‌హిస్టెరిడా అని పెన్సిలుతో రాసుకున్నాను. ముళ్ళు పొట్టిగా నాలుగు. నోరు ఉందా లేదా అన్నంత చిన్నది. చర్మం మీద చాలా సన్నటి అడ్డగీతలు. ఫారింక్స్ చివర గుండ్రటి బల్బు.

ఇప్పుడు డాప్టోనీమా ఎందుకు కాదు? ఉప్పుటేళ్ళలో అదీ ఎక్కువే, దానికీ యాంఫిడ్ గుండ్రమే. కానీ దాని నోరు గరాటులా వెడల్పు, బల్బు ఉండదు, అండాశయం ఒకటే, తోక కొసన పొడవాటి ముళ్ళుంటాయి. మన పురుగుకు రెండు అండాశయాలు, రెండూ చాచి ఉన్నాయి, తోక కొస బోడి. కాబట్టి లిన్‌హోమియిడే కుటుంబం, టెర్షెలింజియా ప్రజాతి.

ఇక కొలతలు. డచ్ శాస్త్రవేత్త డి మాన్ పేరుతో పిలిచే నిష్పత్తులివి. ఉదాహరణకు పొడవు 1,440 మైక్రాన్లు, గరిష్ఠ వెడల్పు 36, ఫారింక్స్ 120, తోక 480, మలద్వారం దగ్గర వెడల్పు 24, తల నుంచి వల్వా దాకా 576 అనుకుందాం. 'ఎ' అంటే పొడవును వెడల్పుతో భాగించడం: 40. 'బి' అంటే ఫారింక్స్‌తో: 12. 'సి' అంటే తోకతో: 3. తోకను మలద్వారం దగ్గరి వెడల్పుతో భాగిస్తే 20. వల్వా స్థానం 40 శాతం. పురుగు వంకరగా ఉంటే ఒంటి మధ్యగీత వెంబడి కొలవాలి. మైక్రోస్కోపులోని కొలబద్దను (మైక్రోమీటరును) ప్రతి లెన్సుకూ విడిగా సరిచూసుకోవాలి.

ఒంట్లో మూడో వంతు కొరడా తోకే, యాంఫిడ్ బాగా ముందుకు. ఇవన్నీ ప్రపంచమంతటా ఉప్పుటేటి బురదల్లో కనపడే టెర్షెలింజియా లాంజికాడేటాకు సరిపోతున్నాయి. అయినా మగదాని స్పిక్యూల్స్ కూడా చూసి, వర్ణనతో పోల్చాకే పెన్సిలు తుడిచి ఇంకుతో రాశాను. నోరు చిన్నది కాబట్టి 1ఎ వర్గం. ఆక్సిజన్ తక్కువైన, సల్ఫైడ్ వాసన కొట్టే బురదను ఇది తట్టుకుంటుంది. ఆ రోజు నోట్‌బుక్‌లో రాసిన కుళ్ళిన గుడ్డు వాసనకు అర్థం ఇక్కడ దొరికింది. రొయ్యల గుంటల నీళ్ళు వదిలే కాలవలో ఇలాంటివే నిండిపోయి మిగతావి కనపడకపోతే, బురద ఊపిరాడక ఉందన్నమాట. ఈ పని నాకు అంత ముఖ్యమనిపించేది అందుకే.

వర్గీకరణలో ఎక్కడ పెట్టాలి

ఫైలం నెమటోడాలో ఇప్పుడు రెండు తరగతులు: ఎనోప్లియా, క్రోమడోరియా. సముద్రంలో మనకు తగిలే ఎనోప్లియా ఎక్కువగా ఎనోప్లిడా క్రమానివే. క్రోమడోరియా కింద క్రోమడోరిడా, డెస్మోడోరిడా, మాన్‌హిస్టెరిడా, అరియోలైమిడా, ప్లెక్టిడా, డెస్మోస్కోలెసిడా వస్తాయి. పాత పుస్తకాల్లో అడినోఫోరియా అని కనపడితే కంగారు పడకండి, అది పాత విభజన. పేర్లు మారుతూ ఉంటాయి. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం నుంచి నడిచే నెమిస్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో ఇప్పుడు చెల్లే పేరు ఏది, పాత పేరు ఏది చూసుకోవచ్చు. ఉచితం. అయితే అక్కడ బొమ్మ చూసి పేరు పెట్టేయకండి. మొదట వర్ణించిన పేపరు తెప్పించుకుని చదవండి.

పేరు రానప్పుడు

తరచూ రాదు. అప్పుడు "డాప్టోనీమా జాతి 1", "డాప్టోనీమా జాతి 2" అని రాసి, రెంటికీ తేడా ఏమిటో ఒక్క వాక్యంలో నోట్ చేసి, బొమ్మలు గీసి ఉంచండి. సంఖ్యలతోనూ వైవిధ్యం లెక్కలు చక్కగా చేయొచ్చు. తప్పు పేరు అచ్చయితే మాత్రం తర్వాత వచ్చేవాళ్ళు అదే నమ్మి మన తీరం జాబితాల్లో ఎక్కిస్తారు, తీయడం చాలా కష్టం. రికార్డులో కొత్త జాతి అని ప్రకటించాలని ఉబలాటపడే పిల్లలకు నేను చెప్పేది ఒకటే: పది పెద్ద మగవి, పది పెద్ద ఆడవి కొలిచి రండి, అప్పుడు మాట్లాడదాం.

స్లైడు మీద చీటీ

చివరి పని ఇది, అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యం అయ్యేదీ ఇదే. చీటీ లేని స్లైడు ఎంత అందంగా ఉన్నా ఎందుకూ పనికిరాదు. స్లైడు ఎడమ వైపు పేరు, ఆడో మగో పిల్లో, గుర్తించినవారి పేరు. కుడి వైపు చోటు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, లోతు, బురదా ఇసుకా, కోరు నంబరు. పెన్సిలుతో గానీ చెరగని ఇంకుతో గానీ రాయండి, బాల్‌పెన్ను సిరా గ్లిజరిన్ తగిలితే కారిపోతుంది. పెట్టెలో స్లైడ్లు నిలబెట్టకుండా పడుకోబెట్టి దాచండి. నిలబెడితే ఏళ్ళ తరబడి పురుగు కిందికి జారి, మైనపు అంచులో దూరిపోతుంది.

ఆ పెద్దాయన మళ్ళీ కనపడితే చూపించాలని ఒక స్లైడు విడిగా పెట్టాను. దాని మీద ఇలా ఉంది: "టెర్షెలింజియా లాంజికాడేటా, ఆడ. కండలేరు ఉప్పుటేరు, నల్లబురద, 0–5 సెం.మీ., కోరు 2."